మూత తీయని ప్లేటు

“మూత తీశారా?”

తొలి పరిచయంలో ఆ అమ్మాయి అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. అతను అపురూపంగా పెంచి తెచ్చిన బాక్టీరియా ప్లేటును వెలుతురుకు ఎత్తిపట్టి, కుళ్లిన పండును చూసినట్టు చూసి మరీ అడిగింది.

“తీశానండి. రోజూ పొద్దున్నే,” అన్నాడు గర్వంగా. “ఎలా ఉందో చూసుకోవాలి కదా.”

“చూసి?”

“కాసేపు పలకరించేవాణ్ణి.”

“నోటితోనా?”

“పలకరించడానికి ఇంకేం వాడతారండి?”

ఆమె ప్లేటును బల్లమీద పెట్టి, వెళ్లి చేతులు కడుక్కొని వచ్చింది.

అతను లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదులు రాసుకునే గుమస్తా. చదివింది కామర్స్. వాళ్లింట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాడు కాబట్టి, ఏం చేసినా పెద్ద చదువు వల్లే చేస్తున్నాడని ఇంట్లోవాళ్ల నమ్మకం. ఇంట్లోనే జీవశాస్త్రం చేయవచ్చని ఒక వీడియోలో చూశాడు. చూసినవాడు ఊరుకోక, టైలరు షాపు పైన ఉన్న ఔత్సాహికుల క్లబ్బులో చేరాడు.

క్లబ్బులో పదకొండు మంది సభ్యులు. అందులో తొమ్మిది మంది వ్యవస్థాపకులు. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఇతను, రెండోది ఈ అమ్మాయి. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పని తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలని ఆమెను భద్రతా ఇన్‌ఛార్జిని చేశారు. ప్రెసిడెంటుగారు మైక్రోస్కోపు కంటే ముందు తెల్లకోటు కొన్నారు. మైక్రోస్కోపు ఇంకా కొనలేదు.

అమ్మ ప్రెషర్ కుక్కరులో బాక్టీరియాకు మేతగా అగర్ జెల్లీ ఉడికించి, వెచ్చదనానికి థర్మోకోల్ పెట్టెలో బల్బు పెట్టి, ఆఫీసు లిఫ్టులో నాలుగో అంతస్తు బటన్‌కు దూదిపుల్ల రాసి తెచ్చి అతను ఈ ప్లేటు తయారు చేశాడు. నాలుగో రోజుకు పసుప్పచ్చటి చుక్క మొలిచింది. ప్రెసిడెంటుగారు చూసి, ఇలాంటిది లోకంలో ఎవరూ చూడలేదన్నారు. అంటే ఆయన చూడలేదు. వచ్చే ఆదివారం ప్రదర్శనకు ‘కొత్త జీవి ఆవిష్కరణ’ అని బ్యానరు వేయించి, ఆ జీవికి తన పేరే పెట్టేసుకున్నారు.

“పక్కన ఖాళీ ప్లేటు పెట్టారా? దేనికీ తాకించకుండా, మూత తీయకుండా?” అంది ఆమె.

“ఖాళీది ఎందుకండి? అందులో ఏమీ మొలవదు కదా.”

“మొలవదని మీకెలా తెలుసు?”

అతను వంగి తన పసుపు చుక్కను మళ్లీ చూసుకున్నాడు.

“ఈ చుక్క లిఫ్టు బటన్‌దో, మీ పలకరింపుదో ఇప్పుడెవరు చెప్తారు?” ఆమె గొంతు తగ్గించింది. “మా ల్యాబులో మూత ఊరికే తీస్తే, ఎవరికో లేని జబ్బు ఉన్నట్టు కాగితం మీద రాసి ఇస్తామండి.”

ఆ మాట అతనికి గుచ్చుకుంది.

ఆమె రెండు కొత్త ప్లేట్లు తెచ్చి ఇచ్చింది. ఒకదానికి మళ్లీ లిఫ్టు బటన్, రెండోది ఖాళీ. ఖాళీదాని మూత మీదుగా టేపు అంటించి సంతకం పెట్టింది.

“ఆదివారం దాకా తీయకండి. పైనుంచి చూస్తే కనిపిస్తుంది.”

“పలకరించాలనిపిస్తే?”

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, టేపు చివర తన ఫోన్ నంబరు రాసింది.

సోమవారం ‘ఖాళీదాంట్లో ఏమీ రాలేదండి’ అని మెసేజ్ పెట్టాడు. ‘మంచిది’ అని వచ్చింది. మంగళవారమూ అంతే. బుధవారం ‘ఏమీ రాలేదు, మీరు తిన్నారా’ అని పెట్టాడు. గురువారం నుంచి ప్లేటు సంగతి చివర్లో వచ్చేది.

“ఏమీ మొలవని దాన్ని చూసి నవ్వుకుంటున్నాడేంటండీ వీడు?” అంది అమ్మ నాన్నతో. “నా కుక్కరు ఇమ్మని అడగండి.”

ఆదివారం ఖాళీ ప్లేటు ఖాళీగానే ఉంది. బటన్ ప్లేటులో మామూలు తెల్లచుక్కలు మూడు. పసుపు జాడే లేదు.

“పాతదే చూపించవయ్యా,” అన్నారు ప్రెసిడెంటుగారు. “బ్యానరు కట్టేశాం.”

ముందు వరసలో అమ్మ పక్కన నాన్న ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. వాళ్లింట్లో మనిషి మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. గోడ పక్కన ఆ అమ్మాయి చేతులు కట్టుకొని నిలబడి ఉంది. పాత ప్లేటు చూపిస్తే నాన్న చప్పట్లు కొడతాడు, ఆమె వెళ్లిపోతుంది.

“ఆ పసుపు చుక్క కొత్త జీవి కాదండి,” అన్నాడు మైకులో. “నేను రోజూ మూత తీసి మాట్లాడాను. బహుశా నా నోట్లోది. అంటే, ప్రెసిడెంటుగారి పేరున్న జీవి ఇన్నాళ్లూ నా నోట్లోనే కాపురం ఉంటోంది.”

హాలంతా నవ్వింది. ప్రెసిడెంటుగారు కోటు విప్పారు. నాన్న నవ్వలేదు. పక్కాయనతో, “పదిమందిలో తప్పయిందని చెప్పాడు చూశారా. మా ఇంట్లో ఎవరికీ రాని విద్య అది,” అన్నాడు.

తర్వాత ఇద్దరూ సింకు దగ్గర వాడిన ప్లేట్లను బ్లీచులో ముంచారు. ఖాళీది మాత్రం అతని చేతిలోనే ఉండిపోయింది.

“ఇది దాచుకోవచ్చాండీ?”

“మూత తీయనంటే.”

అమ్మ వెనకనుంచి వచ్చి టేపు మీద అంకెలు చదివింది. “ఈ నంబరు ఎవరిదిరా?”

“నాదేనండి,” అంది ఆమె.

అమ్మ ఆమెను తేరిపార చూసింది. “ఒకసారి ఇంటికి రామ్మా. నా కుక్కరు నాకు ఇప్పించేవాళ్లు కావాలి.” అని, అడగాల్సింది ఇంకేమీ లేనట్టు నాన్న దగ్గరికి వెళ్లిపోయింది.

“రేపట్నుంచి పొద్దున్నే ఎవర్ని పలకరిస్తావు?” అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిందని అతను గమనించాడు.

“నిన్నే. కానీ నా నోట్లో ఏముందో చూశావుగా.”

“చూశాను. పసుప్పచ్చగా బాగానే ఉంది,” అంది. “పేరు మాత్రం మారుద్దాం.”