తల్లుల అభిప్రాయం

ఉప్పల్లోని ఆ డాబా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు ఉపన్యాసం తయారయ్యేది. విశ్వనాథంగారు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, ఆఫీసులో చెప్పబోయే గొప్పలు ముందు ఇంట్లోవాళ్ళకు వినిపించేవారు. ఆయన విద్యాశాఖలో పాఠ్యప్రణాళికల అధికారి. యాభయ్యారులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆఫీసుతోపాటే కర్నూలు నుంచి వచ్చి, పదేళ్ళలో చకచకా మెట్లెక్కారు. ఊరందరి పిల్లలూ ఏం చదవాలో రాసే ఈ మహానుభావుడు బడిలో పాఠం చెప్పింది మాత్రం ఒక్క ఏడాదే. అదీ పిల్లలు గోల చేస్తున్నారని మానేశారు.

"పంతుళ్ళకేం తెలుసు సూర్యకళా! మనం అచ్చేసి పంపింది చదివి వినిపిస్తారు, అంతే. శుక్రవారం మీటింగులో నా బాలికల ప్రణాళిక ఖాయమైపోతే డిప్యూటీ డైరెక్టరు కుర్చీ మనదే. ఆ కుర్చీకే కాచుక్కూర్చున్న చిదంబరం ఏడ్చుకోవాలి," అన్నారు సబ్బు నురగలోంచి.

సూర్యకళ పప్పు మెదుపుతూ "ఊఁ" అంది. ఆ "ఊఁ"లో ఎంత వెటకారమైనా పట్టించడం ఆవిడకు పెళ్ళయిన కొత్తలోనే అలవాటయింది. ఆయనకు మాత్రం అది మెచ్చుకోలులాగే వినపడేది. ఆ మాత్రం చెముడు ఉండబట్టే కాపురం సాగుతోందని ఆవిడ ఉద్దేశం.

అంతలో పెరటి గుమ్మం దగ్గర పక్కింటి శంకరమ్మ గొంతు వినిపించింది. ఆమె భర్త హనుమాండ్లు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కూతురు పద్మా, ఈ ఇంటి పిల్ల అనంతలక్ష్మీ నాచారం బాలికల బడిలో ఒకే తరగతి.

"సారున్నడా అమ్మా? జర అడుగుదామని వచ్చిన. మా పద్మకు తొమ్మిదో తరగతిల పెద్ద లెక్కలు ఇయ్యరంట. ఆడపిల్లలకు వంట, కుట్టుపనేనంట. వంట నేను నేర్పనా? గంత దానికి బడెందుకు? గిట్ల రాసినోడెవడో గాని, వానికి బుద్ధుందా?"

అద్దం ముందు కత్తి ఆగిపోయింది. విశ్వనాథంగారు ఒక్క క్షణం తడబడి, గొంతు సవరించుకుని, "అదంతా పైనుంచి వచ్చిన ఆర్డరమ్మా. కనుక్కుంటాలే," అన్నారు.

"జర సూడున్రి సారూ," అని దండం పెట్టి శంకరమ్మ వెళ్ళిపోయింది.

బనీనుతో నిలబడ్డ ఆ "పైవాణ్ణి" సూర్యకళ ఎగాదిగా చూసింది. తాను రాసింది తనదని చెప్పుకునే ధైర్యం కూడా లేదు ఈ పెద్దమనిషికి.

అప్పుడు అనంతలక్ష్మి గదిలోంచి వచ్చింది. రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్ల. "నాకూ లేదు నాన్నగారూ. ఆల్జీబ్రా ఉన్న పెద్ద లెక్కలు తీసుకోకపోతే కాలేజీలో ఫిజిక్సు ఇవ్వరట. నేను ఫిజిక్సే చదవాలి," అంది. మాట పూర్తయ్యేలోపే కళ్ళు నిండాయి.

"ఓస్, ఇంతేనా! లాలాపేట మగపిల్లల బడికి ఆఫీసు నుంచి ఒక్క ఫోను చేస్తాను. నీ సీటు నీకుంటుంది."

"మరి పద్మకి?"

"ఫిట్టరు కూతురికి ఆల్జీబ్రా ఎందుకే?"

సూర్యకళ పప్పుగుత్తి గిన్నెలోనే వదిలేసి వచ్చింది. "మీరు వండింది మీ కూతురికే సయించలేదు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ వడ్డించడానికి సిగ్గు లేదూ?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు! ఊరికే రాయలేదు నేను. విచారణ జరిపాను. తల్లుల అభిప్రాయం అని ఒక అధ్యాయమే ఉంది అందులో."

"ఏ తల్లుల్ని అడిగారు? నాచారం వెళ్ళారా? నాగారం వెళ్ళారా? గోడ అవతలున్న శంకరమ్మనైనా అడిగారా? ఒక్కరి పేరు చెప్పండి."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. ఆఖరికి, "నిన్నే," అన్నారు.

"నన్నా?"

"దసరాకి గారెలు వేస్తున్నావు. ఆడపిల్లలకి ఆల్జీబ్రా కావాలంటావా అని అడిగాను. 'గారెలు మాడుతున్నాయి, అవతలికి వెళ్ళండి' అన్నావు."

"దానికి మీరేం రాశారు?"

"అధిక సంఖ్యాకులైన తల్లులు ఆసక్తి చూపలేదని."

సూర్యకళకు పకపకా నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన మాటకు జవాబివ్వకపోవడమే తన తెలివనుకుంది ఇన్నాళ్ళూ. ఈ మనిషికి చెప్పి ఏం లాభమని వెక్కిరించి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్నే ఆయన అచ్చు వేయించారు. తన ఎదురుగా ఏడుస్తున్న పిల్లకు అడ్డం పడ్డది ఆయనొక్కరే కాదు.

"అయితే ఇప్పుడు మళ్ళీ అడగండి," అంది పీట వాల్చి కూర్చుని.

"ఆఫీసుకి టైమవుతోంది..."

"అడగండి!"

సగం గడ్డంతో ఆయన ఎదురుగా చతికిలబడ్డారు. "ఆడపిల్లలకి... లెక్కలు కావాలా?"

"కావాలండీ. నాకూ కావలసింది. ఎనిమిదిలో మా నాన్న బడి మానిపించినప్పుడు మూడు రోజులు ఏడ్చాను. నీకేం కావాలని ఎవ్వరూ అడగలేదు. అడిగింది మీరొక్కరే. నేనేమో అవతలికి పొమ్మన్నాను." ఆవిడ కొంగు కళ్ళకద్దుకుంది.

ఆయన తువ్వాలు మడత పెట్టారు. తరవాత మెల్లగా, "ఇది మీటింగులో చెబితే కుర్చీ పోతుంది. పైగా అందరూ నవ్వుతారు," అన్నారు.

"ఇన్నేళ్ళుగా నేను నవ్వుతూనే ఉన్నాను. మీకేమయింది?"

ఆయన బిత్తరపోయి చూశారు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం సాయంత్రం ఆయన ఆలస్యంగా వచ్చారు. చెప్పులు విప్పి అరుగు మీదే కూర్చుండిపోయారు. "చెప్పేశాను. అడిగింది ఒక్క తల్లినే, అదీ గారెలు వేస్తుంటే అని. కడుపుబ్బ నవ్వారు. ప్రణాళిక వెనక్కి తీసుకున్నాను. ఈ ఏడాది బాలికల బడుల్లో పెద్ద లెక్కలు ఉంటాయి. కుర్చీ చిదంబరానికి ఇచ్చారు."

గడప దగ్గర నిలబడ్డ అనంతలక్ష్మి గోడవైపు పరుగెత్తింది, పద్మను పిలవడానికి. సూర్యకళ ఆయన పక్కనే కూర్చుంది. ఆవిడకు దుఃఖం ఆగలేదు. ఆ మనిషి మీద గౌరవంతో ఏడవడం ఆవిడకు అదే మొదలు.