అతను నడపని బండి

ఆఖరి వరుసలోని అక్షరాలన్నీ అతను గడగడా చదివేశాడు. ఒక్క తప్పు లేదు.

"చాలా బాగా చదివారు," అంది కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించే అమ్మాయి. "కాకపోతే బోర్డుకి నేనింకా లైటు వెయ్యలేదండీ."

అప్పుడు చూడాలి బేకరీ వ్యాను డ్రైవరు మొహం! లైసెన్సు రెన్యువల్‌కి సర్టిఫికెట్ కావాలని వచ్చినవాడు, బయట బెంచీ మీద అరగంట కూర్చుని, లోపల ఇంకెవరో చదువుతుంటే విని బట్టీపట్టేశాడు.

"సంతకం పెట్టెయ్యండి మేడమ్, మీకు పుణ్యముంటుంది."

"మీకు కనిపించిందే రాస్తాను. కూర్చోండి."

కూర్చున్నాడు. కళ్ళజోడు పడింది. అది పెట్టుకున్నాక మొట్టమొదట స్పష్టంగా కనిపించింది మీరేనని వారం తర్వాత పనిగట్టుకుని వచ్చి చెప్పాడు. అలాంటి మాటలకు పడిపోయే రకం కాదు తను అనుకునేది ఆ అమ్మాయి. నిక్షేపంగా పడిపోయింది.

ఏడాదిపాటు ఆ వ్యానులో ముందు సీటు ఆమెదే. వెనకంతా వేడి బ్రెడ్డు వాసన, ముందంతా అతని కబుర్లు. అతని నోట్లో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ. అది ఎందుకో ఆమెకు తెలుసు. ఒకరోజు పట్టపగలు ఎర్రలైటు పడ్డా ఆపకుండా దూసుకుపోయి పకపకా నవ్వాడు. సీటు అంచు గట్టిగా పట్టుకున్న ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

రెండు నెలల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, వ్యాను కరెంటు స్తంభాన్ని గుద్దేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. పోలీసులు గొట్టం ఊదించాక మాత్రం దాచడానికి ఏమీ మిగల్లేదు. లైసెన్సు తీసేసుకున్నారు. తాగి బండి నడిపినవాళ్ళ కోసం పెట్టిన క్లాసులకు ఎనిమిది వారాలు వెళ్ళమంది కోర్టు. చివర్లో కౌన్సెలర్ అతన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంది. అతన్ని బాగా ఎరిగిన మనిషిని ఒకరిని కూడా ఫోనులో అడుగుతుంది. తాగుడు అలవాటు లేదని తేలితే లైసెన్సు చేతికొస్తుంది. ఉందని తేలితే ఇంకో ఆరు నెలల క్లాసులు, అన్నాళ్ళు స్టీరింగు ముట్టుకోకూడదు. బేకరీవాళ్ళు అంతవరకు ఆగరు.

బాగా ఎరిగిన మనిషి అన్నచోట అతను రాసిచ్చింది ఈ అమ్మాయి నంబరే.

"ఇవిగో జవాబులు," అంటూ బ్రెడ్డు చుట్టే కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "నెలకి ఒక్కసారి. పార్టీల్లోనే. రెండు గ్లాసులు. బట్టీపట్టెయ్. నేనూ అదే చెప్తా."

"నాతో చెప్పిస్తావా ఇవి?"

"ఒక్క ఫోన్ కాల్, అంతే. ప్లీజ్! నువ్వు కాకపోతే నాకెవరున్నారు?"

మర్నాడు అతని అక్క వచ్చింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. "మా మరదలివి అవుతావని ఆశపడుతున్నానమ్మా. వాడి నోటికాడి కూడు తియ్యకు," అని చేతులు పట్టుకుంది.

ఫోను వచ్చినప్పుడు ఆ అమ్మాయి పరీక్ష గది తలుపు వేసుకుంది. కాగితం ఎదురుగానే ఉంది.

"వారానికి ఎన్నిసార్లు తాగుతాడండీ?" కౌన్సెలర్ గొంతు మెత్తగా ఉంది.

ఆమె కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది. "రోజూ."

"పగలు కూడానా?"

"పగలు కూడా."

"ఆఖరి ప్రశ్న. అతను నడిపే బండిలో మీరు కూర్చుంటారా?"

"ఏడాది కూర్చున్నానండీ, నోరు మూసుకుని. ఇక కూర్చోను."

ఆ సాయంత్రం ఆమే అతనికి చెప్పేసింది.

"అప్పుడూ ఇంతే, సర్టిఫికెట్ ఇవ్వనన్నావు," అన్నాడు. "నీకు మనిషి అక్కర్లేదు. రూలు ఉంటే చాలు."

అంతే, వెళ్ళిపోయాడు. బేకరీ ఉద్యోగం పోయిందని అక్క ఫోను చేసి నానా మాటలూ అంది. ఆ తర్వాత ఆ ఫోనూ లేదు. వానలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళందరి కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే ఆమె రోజంతా చేసే పని. నువ్వు బాగున్నావా అని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నిజం చెప్పినందుకు మనసు తేలికపడుతుందంటారే, అదంతా ఒట్టిది. ఆమెకు తిండి సయించలేదు. వీధిలో వ్యాను చప్పుడైతే తలెత్తి చూసేది. అతను ఇంకా ఎక్కువ తాగుతున్నాడేమో, ఎక్కడైనా పడిపోయాడేమో, అందుకు కారణం తనేనేమో అని కుమిలిపోయింది.

మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం షాపు మూసే వేళకు అతను వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. చిక్కిపోయాడు. చంకలో క్లాసు ఫైలు ఉంది. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ లేదు.

"ఇవాళ కౌన్సెలర్ మళ్ళీ అడిగింది. పూర్తిగా మానేశానని చెప్పు, క్లాసులు తగ్గిస్తారని అక్క నేర్పించి పంపింది."

"చెప్పావా?"

"పోయిన నెల రెండుసార్లు తాగానని చెప్పా. ఇంకో మూడు నెలలు పెంచారు." నవ్వబోయాడు, కుదర్లేదు. "అక్క మాట్లాడటం మానేసింది. ఒక గోడౌన్‌లో మూటలు మోస్తున్నా."

"ఇప్పుడు?"

"ముట్టుకుని పంతొమ్మిది రోజులైంది. నిన్న ప్రాణం పోయినంత పనైంది. రేపటి సంగతి చెప్పలేను. నీకు అబద్ధం చెప్పడానికి రాలేదు."

పంతొమ్మిది రోజులు ఎంత చిన్న లెక్కో ఇద్దరికీ తెలుసు.

"బస్సులో వచ్చా. మళ్ళీ బస్సులోనే పోవాలి," అన్నాడు అతను నేలచూపులు చూస్తూ. "నేను నడపని బండిలోనైనా నా పక్కన కూర్చుంటావా?"

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి బోర్డు లైటు ఆర్పింది. గొడుగు తీసింది. కళ్ళు తుడుచుకుంది.

"కిటికీ పక్క సీటు నాది," అంది. "నీ స్టాపు వరకే. ఇవాళ్టికి."