కోట్ల గదికి మాత్రమే వినిపించిన బేస్

"మీరేం చేశారో మీకు తెలుసా అండీ?"

కౌంటరు మీద పడుకోబెట్టిన బేస్ గిటార్‌ని చూస్తూ అడిగాడు విలెమ్. అరవలేదు. అరిచి ఉంటే బ్లజేనాకి కాస్త నయంగా ఉండేది.

"తీగ బిగించే మర తిరగడం లేదని రాసిపెట్టారుగా, బాగుచేశాను. మెడకి కమ్మీలు కూడా వేశాను, ఊరికేనే," అంది. పొగడ్త వస్తుందేమోనని ఇంకా చిన్న ఆశ.

బ్లజేనా వాళ్ళ నాన్నది వాయిద్యాలు బాగుచేసే కొట్టు. ఆయన కీళ్ళ నొప్పులకి వేడినీటి ఊటల స్నానాల ఊరికి వెళ్ళడంతో రెండు వారాలుగా కొట్టు ఆమెదే. ఈ బేస్ ఎవరో ఇంట్లో చేసుకున్నదని చూడగానే తెలిసిపోతుంది. ఒళ్ళంతా పాత బీరువా తలుపు, దాని తాళం రంధ్రం కూడా అలాగే ఉంది. మెడ మీద అడ్డంగా ఇరవై గీతలున్నాయి, వాటిలో స్వరానికొకటిగా బిగించే లోహపు కమ్మీలు లేవు. మా ఒస్త్రవలో ఏ వస్తువుకైనా ఏదైనా లేదంటే అది దొరకలేదనే అర్థం. స్నానాల గదికి పలకలు లేవంటే దొరకలేదు, కారుకి అద్దం లేదంటే దొరకలేదు. బేసుకి మాత్రం వేరే అర్థం ఎందుకుంటుంది? పాపం అనుకుంది. నాన్న రెండేళ్ళుగా దాచుకున్న కమ్మీల చుట్ట కోసి, మూడు సాయంత్రాలు కూర్చుని బిగించింది.

"మా తాత పెళ్ళిళ్ళలో పెద్ద బేస్ వాయించేవాడు, నిలబెట్టి వాయించేది. దానికి కమ్మీలుండవు, స్వరం తెగకుండా జారుతుంది. ఆ గొంతు కావాలనే దీనికి పెట్టలేదు. చోట్లు తెలియడానికి ఆ గీతల్లో తెల్ల చెక్క నింపుకున్నాను. ఆ ముక్కలేవి?"

"పొయ్యిలో వేశాను."

విలెమ్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇవాళ రెండింటికి, కచేరీలకి అనుమతిచ్చే సంఘం ముందు వాయించాలి. కొత్త బేస్ వాడిని మా బ్యాండు నడిపే కామిల్ ఎప్పుడో చూసి పెట్టుకున్నాడు, కొట్లో కొన్న గిటారున్నవాణ్ణి. ఇవాళ నా చెయ్యి తడబడితే చాలు, బ్యాండులోంచి పంపించేస్తాడు."

"ఏ బ్యాండు?"

"పొగగొట్టం."

బ్లజేనాకి ఆ పేరు తెలుసు. శనివారాలు ఆమె ఉక్కు కార్మికుల భవనంలో, కచేరీకి వచ్చేవాళ్ళ కోట్లు తీసుకుని టోకెన్లిచ్చే పని చేస్తుంది. కోట్ల గది సరిగ్గా వేదిక కిందే. పాడేవాడి గొంతు గాని, గిటారు గాని అక్కడికి రావు. పైకప్పులోంచి దిగేది బేస్ ఒక్కటే. పొగగొట్టం వాయించే రోజుల్లో ఆమె టోకెన్లు తప్పిచ్చేది.

"మూడో పాటలో," అంది నెమ్మదిగా, "అందరూ ఆగాక కిందనుంచి పైకి జారుకుంటూ వచ్చేది, ఏదో అడగబోయి మానేసినట్టు. అది మీరా?"

అతను తలెత్తాడు. "అది మీరెక్కడ విన్నారు?"

"కోట్ల గదిలో. ప్రతి శనివారం."

"మూడేళ్ళలో దాని గురించి అడిగింది మీరొక్కరే. దాని పీక నొక్కింది కూడా మీరే."

ఆమెకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే చెయ్యి వణుకుతుంది కాబట్టి ఏడవలేదు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. వంటింట్లోకి వెళ్ళి అమ్మ తెల్ల చెక్క గరిటె పట్టుకొచ్చింది.

"మీరు దీన్ని సన్నగా చీల్చండి. నేను కమ్మీలు పీకుతాను."

"గరిటెతోనా?"

"ఇంకో చెక్క దొరకదు."

కమ్మీని వేడి చేయడం, పటకారుతో లాగడం, జిగురు పూసి చెక్క పట్టీ దించడం. మోచేతులు తగులుతున్నా ఎవరూ క్షమించమనలేదు, అంత తీరిక లేదు. పదిహేను, పదహారు. విలెమ్ నిమిషానికోసారి గడియారం చూస్తున్నాడు. బ్లజేనా చూడటం మానేసింది.

ఒంటిగంటకి కామిల్ వచ్చాడు. తోలు కోటు, నోట్లో సిగరెట్.

"ఏంట్రా, వంట చేస్తున్నారా? ఆ బీరువా తలుపు ఉన్నా లేకపోయినా ఎవడికి తెలుస్తుంది? ఇవాళ మాత్రం పరువు తీయకు."

అతను బయటికి వెళ్ళాక బ్లజేనా బేస్ అందించింది. "జిగురు పూర్తిగా ఆరాలంటే ఒక పూట పడుతుంది. ఐదో పట్టీ ఇంకా కదులుతోంది. దాని మీద వేలు నొక్కారంటే లేచిపోతుంది."

"మూడో పాట జారేది దాని మీదనుంచే."

"తెలుసు," అంది.

రెండింటికి కోట్ల గదిలో మూడే మూడు కోట్లున్నాయి, సంఘం వాళ్ళవి. బ్లజేనా కౌంటరు అంచు పట్టుకుని పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. మొదటి పాట గడిచింది. రెండోదీ గడిచింది. మూడో పాటలో అందరూ ఆగారు.

కింద మొదలైంది ఆ స్వరం. మెల్లగా ఎక్కుతోంది. మూడో పట్టీ దాటింది, నాలుగోది దాటింది. ఆగిపోయింది.

ఏమీ లేదు. అయిపోయింది, నా వల్లే అయిపోయింది అనుకుంది.

అప్పుడు వచ్చింది, పైనుంచి. ఐదోదానికి అవతల చాలా ఎత్తున మొదలై, కిందికి జారి, ఐదో పట్టీని తాకీ తాకకుండా నిలబడింది. ఇన్నాళ్ళూ అడగబోయి మానేసినవాడు ఇవాళ అడిగేశాడు. బ్లజేనా కౌంటరు మీద తలపెట్టి, దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

సంఘం పెద్ద కోటు తొడుక్కుంటూ పక్కవాడితో అన్నాడు: "అనుమతి ఇచ్చేద్దాం. మూడో పాటలో ఏదో బాగుంది. ఏదో తెలీలేదు."

వెనకే కామిల్ గొంతు మెట్ల మీదనుంచి వినిపించింది. "ఇవాళ నీ బేస్ వినపడనే లేదురా విలెమ్. అంటే బాగానే ఉన్నట్టు. వచ్చే శనివారం ఐదింటికల్లా వచ్చెయ్."

విలెమ్ కిందికి దిగి బేస్‌ని కౌంటరు మీద పెట్టాడు. "నాకు కోటు లేదు. ఇది పెట్టుకుంటారా?"

ఐదో పట్టీ ఒక కొసన లేచి ఉంది. ఆమె దాన్ని బొటనవేలితో నొక్కింది. "చివర్లో లేచింది కదా. విన్నాను."

"పైన ఎవరూ వినలేదు."

"వాళ్ళు కింద నిలబడరుగా."

అతను నవ్వబోయి మానేశాడు. "ఇది ఎప్పటికి ఆరుతుంది?"

ఆమె బేస్ మెడకి ఒక టోకెన్ కట్టి, దాని జతది అతని చేతిలో పెట్టింది. "రేపటికి."

"రేపు ఆదివారం. కొట్టు మూసి ఉంటుందేమో."

"ఉంటుంది," అంది బ్లజేనా. "తలుపు కొట్టు. తీస్తాను."