గుర్తు లేని పదకొండు లైన్లు

"నలభై నాలుగు అంగుళాల పన్నా మాల్ ఉందా?"

"ఉంది గని, రంగు కారుతది."

కోడ్ వర్డ్ సరిపోయింది. చీరల దలాల్ వేషంలో ఉన్న ఏజెంట్ నరహరి సూరత్ బమ్రోలిలోని ఆ మరమగ్గాల షెడ్డు మేడ మీదికెక్కాడు. కింద మగ్గాల మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయి. చీఫ్ బ్రహ్మచారి రహస్య ల్యాబ్‌కు ఈ చోటు ఎంచుకున్నది అందుకే. ఎంత గొప్ప మైక్రోఫోన్‌కైనా ఇక్కడ మాట చిక్కదు.

టైం సరిగ్గా పన్నెండు. బ్రహ్మచారి కుర్చీ కూడా చూపించలేదు.

"ఒంటిగంటకు తీరం రాడార్ల పాత ప్రోగ్రాం దానంతటదే బందైతది. మన కొత్తది ఎక్కాలె. అందుల 'బ్లాక్ హెరాన్' ముఠా దొంగ కోడ్ పెట్టిందని కబురు. ఎక్కంగనే పదకొండు నిమిషాలు రాడార్లు గుడ్డివైతయి. ఆ సందుల మందుగుండు పడవ రేవులకొస్తది. వందల ప్రాణాలు పోతయి. లోపలి దొంగెవరో పట్టు."

"ప్రోగ్రాం రాసిందెవరు సార్?"

"లక్ష్మీరాజం."

ఆ పేరు వినగానే నరహరి కడుపు చల్లబడింది. దొంగ వాడే అయితే ఎంత బాగుండు!

ఎందుకుండదు మరి? ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఇద్దరూ తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబాల బిడ్డలే. మార్కులు లక్ష్మీరాజానికి, మెడల్ లక్ష్మీరాజానికి. చివరికి 'కాపలా' కూడా వాడిదే. సి లాంగ్వేజ్‌లో లేని కొత్త మాట అది. 'కాపలా' అని ఒక్క లైన్ రాస్తే చాలు, లక్ష్మీరాజం తయారుచేసిన కంపైలర్ దాన్ని మామూలు సి లో నలభై లైన్లుగా విప్పి రాస్తుంది. ఆ విప్పిన కోడ్‌ను మామూలు కంపైలర్ మెషీన్‌కు ఎక్కిస్తుంది. లాంగ్వేజ్‌కే కొత్త మాట నేర్పిన మొనగాడని డిపార్ట్‌మెంట్ వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. ఈ ఆలోచన నాకెందుకు రాలేదురా దేవుడా అని నరహరి కుళ్ళికుళ్ళి చస్తున్నాడు.

పైగా హారతి! నరహరి మనసిచ్చిన హారతి వెళ్లి వాడి టీంలో చేరింది. మధ్యాహ్నం వాడి టిఫిన్ డబ్బాలోదే తింటుంది. అది తలుచుకుంటేనే నరహరికి ఒళ్లు మండుతుంది.

ఆ హారతే మెట్ల దగ్గర ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు, గుప్పుమనే సెంటు.

"నరహరీ, సున్. రాజం ఫైల్‌ల గివి దొరికినయ్." లిప్‌స్టిక్ గొట్టం విప్పింది. లోపల పెన్ డ్రైవ్. "రాడార్ ఆపే పదకొండు లైన్లు. నేనే తీసేసిన. అబ్ ఫైల్ సాఫ్ ఉంది, ఒంటిగంటకు ఎక్కియ్యొచ్చు. వాణ్ణి మాత్రం జర జల్దీ పట్టుకో."

నరహరి ఒక్క ప్రశ్న అడగలేదు. పన్నెండున్నరకల్లా ల్యాబ్‌లోనే లక్ష్మీరాజం చేతులకు బేడీలు పడ్డాయి. అబ్బ, ఆ చప్పుడు నరహరి చెవులకు ఎంత కమ్మగా ఉందో!

"ఏంది నరహరి, గిదేం పని?" లక్ష్మీరాజం తెల్లబోయాడు.

"నోరు ముయ్. నీ దొంగ లైన్లు తీసేసినం. ఫైల్ సాఫ్ అయింది."

"ఫైల్ సాఫ్‌గనే ఉంటది, నేను రాసిందే కద! మరి విప్పి రాసిన కోడ్ సూసినవా?"

"అదెందుకు?"

"మీ నాయిన బట్టను మీదికెల్లి సూసే పాస్ చేస్తడార? తిప్పి సూడడా?"

నరహరి నేతవాళ్లింట్లో పుట్టి ఆ మాట ఇంకొకరితో చెప్పించుకున్నాడు. నిజానికి తిప్పి చూడాలని అతనికి లేదు. చూస్తే వీడు నిర్దోషని తేలుతుందేమో! తన మనసులోని ఆ మాటకు తనకే సిగ్గేసింది. విప్పిన కోడ్ తెరిచాడు.

పన్నెండూ నలభై ఎనిమిది. తీసేశామన్న ఆ పదకొండు లైన్లూ అక్కడ దర్జాగా కూర్చుని ఉన్నాయి.

విప్పిన ప్రతి లైన్ పక్కనా అది అసలు ఫైల్‌లో ఎన్నో లైన్ నుంచి వచ్చిందో ఒక గుర్తు ఉంటుంది. ఆ పదకొండింటికి మాత్రం గుర్తు లేదు. అంటే అవి లక్ష్మీరాజం ఫైల్ నుంచి రాలేదు. కంపైలరే మధ్యలో దూర్చింది. ఫైల్‌ను వందసార్లు కడిగినా మళ్లీ దూరుస్తుంది.

"ఈ మెషీన్ల కంపైలర్ ఎక్కిచ్చిందెవరు?"

"హారతి. మొన్న సోమవారం."

నరహరి గడియారం వైపు చూశాడు. "ఇప్పుడెట్లరా?"

"విప్పినంక అది ఉత్త సి నే కద. గుర్తు లేని లైన్లు చేత్తోటి పీకెయ్. సీదా మామూలు కంపైలర్‌కియ్యి. నా కంపైలర్‌ను ముట్టకు!"

నరహరి వేళ్లు కీబోర్డ్ మీద పరుగెత్తాయి. ఏడు, ఎనిమిది... పదకొండు. కోడ్ కంపైల్ కావడానికే నాలుగు నిమిషాలు తిన్నది. పన్నెండూ యాభై తొమ్మిదికి తలుపు తెరుచుకుంది. హారతి చేతిలో చిన్న పిస్టల్.

"చేతులు తియ్, నరహరీ."

లక్ష్మీరాజం బేడీల చేతులతోనే కుర్చీ ఎత్తి విసిరాడు. తూటా కప్పులోకి పోయింది. కింద మగ్గాల మోతలో ఆ శబ్దం ఎవరికీ వినపడలేదు. ప్రోగ్రాం ఎక్కడం చూడటానికి వచ్చిన బ్రహ్మచారి వెనక నుంచి ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు. ఒక్క సెకను మిగిలి ఉండగా నరహరి ఎంటర్ నొక్కాడు.

రాడార్లు కళ్లు మూయలేదు. తెర మీద దొంగ పడవ చుక్కలా మెరిసింది. పది నిమిషాల్లో కోస్ట్ గార్డ్ దాన్ని చుట్టుముట్టింది.

లక్ష్మీరాజం చేతుల బేడీలు హారతి చేతులకు మారాయి. నరహరి ఉండబట్టలేక అడిగాడు. "ఇంతమంది ఆఫీసర్లుండంగ నన్నే ఎందుకు పట్టినవ్?"

హారతి నవ్వింది. "మిగతావాళ్లు రుజువు, సబూత్ అడుగుతరు. నీకు రాజం పేరు చెప్తే బస్. వాణ్ణి నమ్మియ్యనీకె మూడేండ్లు పట్టింది నాకు. నిన్ను నమ్మియ్యనీకె మూడు నిమిషాలు."

నరహరి లక్ష్మీరాజం వైపు తిరిగి పళ్లు కొరికాడు.

"మూడేండ్లట! గిండ్ల గూడ నువ్వే ఫస్టార?"