గోడకు అవతలి పొయ్యి

ఆ పొద్దున కోడలు రూప్లి చాయ్ గ్లాసుతో పాటు సంచీ కూడా తెచ్చి చేతిలో పెట్టగానే బాలికి అనుమానం వచ్చింది.

“ములకలపల్లి సంతకు ఈసారి నువ్వే పో యాడీ. మంచి ఎండుచేపలు నీకే తెలుస్తయ్.” అత్తనూ ఆమె యాడీ, అంటే అమ్మా అనే పిలుస్తుంది.

“ఎప్పుడూ జైరాం పోతడు గదా? వానికేమైంది?”

“ఇంట్ల పనుంది” అన్నాడు జైరాం, తల్లి ముఖం చూడకుండా. బడిలో అటెండరు ఉద్యోగం చేసే కొడుకు సెలవు పెట్టి మరీ చేసే పనేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

అనుమానం బాలికి కొత్త కాదు. ఆమె గదికీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. చనిపోయిన భర్త సోమ్లా ఇటుకలు తానే కాల్చి కట్టిన గోడ. దానికి అవతల గిన్నె మూత ఠంగుమంటే చాలు, ఇవతల మంచం మీద ఆమెకు మనసు పాడయ్యేది. కోడలికి నామీద కోపమే అనుకునేది. పైగా ఈమధ్య వాన పడ్డప్పుడల్లా మూత చప్పుడు, ఆ వెంటే గుమ్మంలో రూప్లి తొంగిచూపు. మంచం కింద వెండి కడియాల పెట్టె మీదే దీని కన్ను అని బాలి నమ్మకం.

తండా చివర తాపీమేస్త్రి పగిడయ్య గునపంతో ఎదురొచ్చి, ఆమెను చూసి గబుక్కున పక్కసందులోకి తిరిగాడు. బస్సెక్కినా మనసు కుదుటపడలేదు. సగం దారిలో దిగి వెనక్కి నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

గదంతా దుమ్ము. మంచం మూలకు జరిపారు. వంటింటి వైపు గోడలో తలెత్తున గాడి కొట్టి, అందులో కొత్త మద్దిదూలం ఎక్కించారు. దాని కింద గోడ చెక్కుచెదరలేదు.

పెద్దకొడుకు భీమ్లా వేరుపడినప్పుడూ మొదట గోడకు దూలమే ఎక్కింది. దాని మీద కట్టెలు ఎండబెట్టే అటక, అటక కింద పొయ్యి. తండాలో వేరు పొయ్యి అంటే వేరు ఇల్లే.

“నాకు వేరు పొయ్యి పెడ్తున్నరా?” సంచీ విసిరికొట్టింది. “మొగం మీద చెప్తే నేనే పోకపోదునారా? దొంగతనంగ సంతకు పంపుడేంది?”

జైరాం తెల్లబోయాడు. పగిడయ్య గునపం వదిలి మెల్లగా బయటికి నడిచాడు.

“పొయ్యేంది యాడీ? నాయిన కట్టిన గోడ మీద చెయ్యేస్తే నువ్వు ఊకోవని చెప్పలే, గంతే.”

“మరి దూలమెందుకురా?”

“కిటికీ పెట్టిస్తున్నం” అంది రూప్లి ముందుకొచ్చి. “ముందుగాల దూలం ఎక్కియ్యకుండ ఇటుకలు తీస్తే పైగోడ కూలుతదట.”

“వంటింట్లకు కిటికీనా? నేనేం చేస్తున్ననో చూస్తానికా?”

రూప్లి గొంతు పెంచింది. “అవ్, చూస్తానికే! మొన్న వానల్ల నువ్వు ఈడ జారిపడితివి. పిలిచే ఉంటవ్, రేకుల మోతల నాకు ఇనపడలే. బువ్వ తెచ్చేసరికి నేల మీద వణుక్కుంట ఉన్నవ్. అడిగితే చల్లగుందని కింద పండిన అంటివి. కమిలిన మోచెయ్యి నేను చూడలేదనుకున్నవా? గప్పటిసంది వానొస్తే మూత ఆడనే పడేసి నీ గుమ్మం కాడికి ఉరుకుతున్న.”

పడ్డానని తెలిస్తే బరువైపోతానన్న భయంతోనే బాలి ఆ రోజు అబద్ధమాడింది. ఆ మూత చప్పుడులో తాను విన్న కోపమంతా తన కోసం పడ్డ పరుగేనా? సిగ్గుతో, దుఃఖంతో కళ్లు నిండిపోయాయి.

పైట చెంగుతో ముఖం తుడుచుకుని పగిడయ్యను కేకేసింది.

“ముందు ఇటుక నేను తీస్త. ఆయన పెట్టింది.”

సాయంత్రానికి గోడలో కిటికీ చౌకట్టు నిలబడింది. మంచం మీంచి చూస్తే పొయ్యి ముందు పొగకు కళ్లు తుడుచుకుంటున్న రూప్లి కనిపించింది. ఇన్నేళ్లలో ఆమె వంట చేస్తుండగా బాలి తీరిగ్గా చూడడం ఇదే మొదలు.

“కిటికీకి రెక్క ఒకటి పెట్టాల్నా, రెండా?” అడిగాడు పగిడయ్య.

“రెక్కలొద్దు. తెరిసే ఉండనీ.”

అంతలో రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఈసారి మూత చప్పుడు కాలేదు. రూప్లి కూర్చున్న చోటి నుంచే తలెత్తి చూసింది.

“ఈడనే ఉన్న బిడ్డా” అంది బాలి.