గోడ పక్కన నడిచే జాగ

పొద్దున్నే ఏడు గంటలకు కమలాకర్ కారుకు స్నానం చేయిస్తున్నాడు. కన్నతండ్రికి వేడినీళ్లు కాగాయో లేదో ఒక్కనాడూ అడగని కొడుకు, దాని అద్దాలకు మాత్రం షాంపూ పట్టించి మెత్తటి బట్టతో తుడుస్తున్నాడు. మనవరాలి బడిసంచి భుజానికి వేసుకున్న బుచ్చిరాములు సొసైటీ గేటు దగ్గర నిలబడి ఆ వైభోగం చూశాడు.

"అగరొత్తులు గిట్ల ముట్టియ్యలేదారా?" అన్నాడు.

"జర మెల్లగ బాపూ. అందరు చూస్తున్నరు."

మెల్లగా మాట్లాడటం బుచ్చిరాములుకు చేతకాదు. పొట్ట చేత పట్టుకుని ఈ గుజరాతీ నగరానికి వచ్చి, బమ్రోలి షెడ్లలో నలభై ఏళ్లు సాంచెలు నడిపినవాడు. ఆ మరమగ్గాల మోతకు రెండు చెవులూ ఎప్పుడో పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు, తన మాట మాత్రం ఊరంతటికీ వినిపిస్తాడు.

అడాజన్‌లో కమలాకర్ కొన్న ఫ్లాటుకు దక్కింది ఒక స్కూటర్ పట్టేంత చోటు. అయినా కారు కొన్నాడు. కొని, ప్రహరీగోడ పక్కన ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. ఎక్కేటప్పుడు దాని టైర్లు నొచ్చుకుంటాయని అంచున సిమెంటుతో వాలు కూడా పోయించాడు. పోనీ ఆ కారులో తిరుగుతాడా అంటే, పనిచేసే చీరల మార్కెట్ దగ్గర పెట్టడానికి చోటు లేదని స్కూటర్ మీదే పోతాడు. ఆదివారం ఒక్కపూట డుమస్ సముద్రం దాకా తిప్పుకొస్తాడు. మిగతా వారమంతా ఆ కారు తొడుగు కప్పుకుని, పనీపాటా లేని ఇల్లరికపు అల్లుడిలా ఫుట్‌పాత్ మీద పడుకుని ఉంటుంది.

ఒక్కడి వైభోగం చూసి పక్కవాళ్లకు కుదురుండదు కదా. ఇప్పుడు గోడ పొడవునా పదకొండు బండ్లు. డాక్టరుది ఒకటి, చీటీల వ్యాపారివి రెండు, మనిషి ఎక్కడం ఎవరూ చూడని జీపు ఒకటి. నడవాల్సిన మనుషులు మాత్రం రోడ్డు మీద, బస్సులతో భుజాలు రాసుకుంటూ పోవాలి.

"చలో తాతా, లేట్ అయితుంది," అని రుచిత చెయ్యి పట్టి లాగింది. ఎనిమిదేళ్ల పిల్ల. బడి అర కిలోమీటరు దూరం. బుచ్చిరాములుకు రోజంతటిలో బతుకు రుచి తెలిసేది ఆ అర కిలోమీటరులోనే.

కారు దాటడానికి ఇద్దరూ రోడ్డు మీదికి దిగారు. వెనక ఒక స్కూటర్ హారన్ మోగిస్తూ వచ్చింది. రుచిత గబుక్కున తాత వీపు మీద చరిచింది. తప్పుకొమ్మని ఆ పిల్ల ఉద్దేశం. కానీ సాంచెల షెడ్డులో మాట వినిపించదు, వీపు మీద చరిస్తే ఆపమని అర్థం. నలభై ఏళ్ల అలవాటు. బుచ్చిరాములు నడిరోడ్డు మీద మేకు కొట్టినట్టు ఆగిపోయాడు.

స్కూటర్ ఆయన మోచేతిని గీరి, కారు అద్దానికి తగిలి, పక్కకు ఒరిగి, ఆగకుండా పోయింది. ఆయన తూలడంతో పక్కనున్న రుచిత బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారింది.

కమలాకర్ కారు అవతల నుంచి పరుగున వచ్చాడు. వచ్చినవాడు ముందు కారు అద్దం మీది గీతను బొటనవేలితో రుద్ది చూశాడు. ఆ తర్వాత పిల్లను ఎత్తుకున్నాడు. బుచ్చిరాములు ఆ వరస చూశాడు, చూసి మూతి తిప్పుకున్నాడు.

ఇంట్లో చీరలకు లేసు కుడుతున్న కోడలు సుభాషిణి, పిల్ల మోకాలు చూసి మిషను మీద నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఏమైంది? మామా, నీ మోచేయికి గూడ నెత్తురు!"

"రేపటి సంది ఆటో మాట్లాడుత," అన్నాడు కమలాకర్. "బాపూ, నీకు వినవడది. నిన్ను నమ్మి పిల్లనెట్ల పంపాలె?"

"నా చెవులు ఇయ్యాల పోయినయారా? నువ్వు పుట్టకముందే పోయినయి. ఫుట్‌పాత్ ఉన్నన్ని రోజులు నాకు చెవులతోటి పనే లేకుండె."

"ఆడ పదకొండు బండ్లున్నయి. నీ కంటికి నాదొక్కటే కనవడుతదా?"

"కడమ బండ్లోళ్లు నాకు కొడుకులు గారు. వాళ్లకు సిగ్గు లేకుంటే నాకేంది?"

"కారంటే ఇజ్జత్ బాపూ. చుట్టాల ముంగట..."

"థూ! మనుషులు నడిచే కాడ పండవెట్టిన ఇనుప డబ్బాకు ఇజ్జత్! పిల్ల నెత్తురు కారుతుంటె అద్దం రుద్దినవ్. నీది ఇజ్జతా?"

కమలాకర్ ముఖం నల్లబడింది. అంతలో రుచిత తల్లి కొంగులో ముఖం దాచుకుని వెక్కుతూ ఏదో చెప్పింది. బుచ్చిరాములుకు ఆ పిల్ల పెదాలు కనిపించలేదు. కొడుకూ కోడలూ కొయ్యబారిపోవడం మాత్రం కనిపించింది.

"ఏమంటుందే?"

సుభాషిణి మామ వైపు తిరిగి, ఒక్కో మాటా నెమ్మదిగా పలికింది.

"తాతను తిట్టకున్రి అంటుంది. తాతకు హారన్ వినవడదని, మన కారు కాడికి రాంగనే రోజూ ఈ పిల్లనే రోడ్డు దిక్కు మర్లుతదట. వెనుకకు చూసుకుంట నడుస్తదట. ఇయ్యాల పదమూడో ఎక్కం మనసుల చదువుకుంట, చూసుడు మర్చిపోయిందట. తప్పయిందంటుంది, మామా."

బుచ్చిరాములు కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తాను పిల్లను బడికి నడిపిస్తున్నాననుకున్నాడు. ఎనిమిదేళ్ల పసిది, చక్రాలకూ తనకూ మధ్య తన ఒళ్లు అడ్డం పెట్టి తనను నడిపిస్తోంది.

"ఆటోనే పెట్టున్రి," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పక్కగదికి వినిపించలేదు.

కమలాకర్ కారు తాళంచెవి తీసుకుని బయటికి పోయాడు. మళ్లీ ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"కారేది?" అంది సుభాషిణి.

"ఫ్లైఓవర్ కింద, పైసలిచ్చే పార్కింగ్‌ల పెట్టిన. నడుచుకుంట వచ్చిన." తండ్రి ముందు నేల మీద కూర్చున్నాడు. "ముప్పావుగంట నడిచిన బాపూ. పట్టుమని పది అడుగులు ఫుట్‌పాత్ మీద నడువనియ్యలే. అన్ని బండ్లే. ఎనుకనుంచి హారన్ కొడితే పానం ఆగమైంది. నాకు చెవులుండంగనే గట్లుంటె..."

తండ్రి మోచేతిని పట్టుకుని తల వంచేసుకున్నాడు.

"నీకు కాళ్లున్నయని ఇయ్యాల యాదికొచ్చిందా?" అన్నాడు బుచ్చిరాములు. అంటూనే ఆ తల నిమిరాడు.

మర్నాడు, ఆటో ఊసు మానుకుని, బుచ్చిరాములూ రుచితా నడిచే గేటు దాటేసరికి ఆ ఖాళీ అయిన చోట్లో చీటీల వ్యాపారి మూడో కారు దిగి ఉంది. మంచి జాగ రాత్రికి రాత్రే దొరికిందన్న సంబరం ఆ వ్యాపారి బుగ్గల్లో తెలుస్తూనే ఉంది. ఆయన ముందు కమలాకర్, నిక్కరు మీద, చేతులు నడుముకు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఖాళీగా ఉందని పెట్టుకున్నా. నీ కారు లేదు కదా, నీకేంటి?" అని వ్యాపారి గుజరాతీలో దబాయించాడు.

"ఖాళీ లేదు సేఠ్. ఇది మా బాపు నడిచే జాగ. తియ్యి," అన్నాడు కమలాకర్ హిందీలో.

పావుగంట అరుపుల తర్వాత, తిట్టుకుంటూనే వ్యాపారి కారు వెనక్కి తీశాడు. తాతా మనవరాలూ గోడ పక్కన నడిచారు. సరిగ్గా ఒక్క కారు పొడవు. ఆ వెంటనే డాక్టరు గారి బండి అడ్డం వచ్చింది. రుచిత అలవాటుగా రోడ్డు వైపుకు మళ్లబోయింది.

కమలాకర్ పిల్లను తాత అవతలికి జరిపి, తాను రోడ్డు వైపు వచ్చాడు. మెడ తిప్పి వెనక వచ్చే బండ్లను చూస్తూ నడవసాగాడు.

"బడి దాకా నిక్కరు మీదనే వస్తవారా, ఇజ్జత్ లేనోడా?" అన్నాడు బుచ్చిరాములు, వీధంతా వినబడేలా.

కమలాకర్ తండ్రి వైపు తిరిగి, పెదాలు కనబడేలా చెప్పాడు.

"వస్త బాపూ. నువ్వు నడువు."