కొలత కర్ర నిలిచిన చోటు

ఏడాదికొకసారి, ఒకే రోజున, ఒకే చోటు నుంచి ఒక్క ఫొటో. మంచినీళ్ల ట్యాంకు మెట్ల మీంచి తీస్తే సముద్రం మొదలుకొని తన గుమ్మం దాకా వీధంతా అందులో పడుతుంది. ముసలి ఫొటోగ్రాఫరు ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని అది. నీళ్లు ఎంత ముందుకొచ్చాయో తెలియడానికి భార్య ఒడ్డున కొలత కర్ర పట్టుకుని నిలబడేది. కర్రకు సుద్దతో తేదీ రాసిన పలక వేలాడేది. మూడేళ్ల కిందట అలా నిలబడి ఉండగానే ఒడ్డు విరిగి, ఆమెను కెరటం లాక్కుపోయింది. కర్ర ఒక్కటే తిరిగొచ్చింది.

అప్పటి నుంచి కర్ర ఆయనే పాతుతున్నాడు, తేదీ ఆయనే రాస్తున్నాడు. ఆమె లేని ఫొటోలు చూసే ధైర్యం లేక రెండేళ్ల ఫిల్ములూ పెట్టెలో పడేశాడు.

రేపు అధికారులొస్తారు. ఫొటోలు చూపిస్తేనే రాతిగోడ. గోడ లేకపోతే వీధి లేదు. కాళ్లరిగేలా తిరిగి, లాఠీ దెబ్బలు తిని సాధించుకున్న రోజు అది. తీరా అల్లుడు ఆ ఫిల్ములు కడిగి తెస్తే చూసి ఆయనకు ఒళ్లు మండింది.

"నేను కర్ర పాతింది ఒడ్డున. ఇందులో సెలూన్ ముందుంది. నిరుడిది వలల కొట్టు అరుగు మీదుంది. ఇవి చూపిస్తే దొంగ ఫొటోలంటారు. గోడ వద్దంటున్న ఓడరేవు వాళ్ల జీతానికి ఆశపడి తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?"

"పాప మీద ఒట్టు మామయ్యా, నేను కడిగానంతే." అల్లుడి గొంతు తగ్గింది. "పలక మీద తేదీలు చూడండి. మీరు రాసినవి కావు. మీరు ఫొటోలు తీశాక ఆ రెండు కొట్లూ సముద్రంలో కూలిన రోజులు."

"కూలాక ఎవడైనా దిద్దుతాడు. నా చెవిలో పువ్వులు పెట్టకు."

ఇక ఎవర్నీ నమ్మదలచుకోలేదు. ఈ ఏటి ఫొటో అప్పటికప్పుడే వెళ్లి తీసి, ఫిల్ము చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి చీకటి గదికి గడియ పెట్టుకున్నాడు. ఎర్రబల్బు. మందునీళ్ల పుల్లటి వాసన. గోడ అవతల సముద్రం గుర్రుపెడుతున్నట్టు చప్పుడు. తొట్టిలో తెల్లకాగితం ఊగుతోంది...

ముందు మబ్బులు తేలాయి. తర్వాత ఇళ్ల కప్పులు. తర్వాత ఒడ్డు.

ఒడ్డున కర్ర లేదు.

అల్లుడు దీన్ని ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోలేదు...

వీధికి ఈ చివర నల్లటి గీత ఒకటి తేలింది. ఈ ఇంటి గుమ్మంలో. నిటారుగా. ఇసుకలో పాతిన కర్ర ఎంతోకొంత వాలుతుంది. ఎవరైనా పట్టుకుంటే తప్ప అంత నిటారుగా నిలవదు.

పలక మీద భూతద్దం పెట్టాడు. రేపటి తేదీ. ఏడు అంకెకు అడ్డగీత. ఆమె అలాగే రాసేది.

తలుపు మెల్లగా తట్టారు.

"నాన్నా..." కూతురు. గుసగుసగా. "కర్ర తెచ్చి గుమ్మంలో పెట్టావేంటి?"

ఆయన కర్రను ఒడ్డునే వదిలొచ్చాడు.

"ముట్టుకోకు. పాపను తీసుకుని ట్యాంకు వైపు నడువు."

"తీద్దామని చూశా నాన్నా. రావట్లేదు. అవతల ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది..."

"పలక?"

కూతురి అడుగులు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాయి.

"పలక నీళ్లోడుతోంది నాన్నా. సుద్ద మాత్రం... పొడిగా రాలుతోంది, ఎవరో ఇప్పుడే రాస్తున్నట్టు."